మెస్ కమిటీ నుంచి ఫిలడెల్ఫియా దాకా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. మామూలుగా అయితే "మా రోజుల్లో హాస్టల్" అని నాలుగు పేజీలు రాసి పంపేవాణ్ణి. ట్రంకు పెట్టె, చిరిగిన దుప్పటి, బోరింగు దగ్గర స్నానాలు, నీళ్ళచారు... ఇవన్నీ పాత సంచికల్లో మా బ్యాచ్ వాళ్ళే రాశారు. నాకంటే బాగా రాశారు కూడా. అందుకని ఈసారి నేను చెప్పుకుని బతికే పాఠం గురించే రాద్దామనుకున్నాను. నేను ఇరవై ఏళ్ళకు పైగా ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెబుతున్నాను. ఈ వ్యాసం అమెరికా రాజ్యాంగం గురించి. పేరు చూసి పేజీ తిప్పేయకండి. ఇందులో మన హాస్టల్ కూడా ఉంది.

పోయిన ఏడాది ఇంటర్ క్లాసులో ఒక రోజు జరిగింది ఇది. 1787లో రాసిన ఆ రాజ్యాంగం "మేము ప్రజలం" అనే మాటతో మొదలవుతుందని, మన పీఠిక "భారత ప్రజలమైన మేము" అని మొదలవడంలో దాని నీడ ఉందని చెబుతున్నాను. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, మన లాంటి హాస్టల్ నుంచే వస్తుంది, లేచి నిలబడింది.

"సార్, అది రాసినప్పుడు అక్కడ బానిసలున్నారు కదా. ఆ 'మేము'లో వాళ్ళున్నారా?"

"లేరమ్మా" అన్నాను.

"మరి మనకెందుకు సార్ ఆ పాఠం?"

ఇంతలో బెల్లు కొట్టారు. కొట్టకపోయినా ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఈ ప్రశ్న నాకు నేనే వేసుకోలేదు. ఆ అమ్మాయికి బాకీపడ్డ జవాబు వెతుక్కుంటూ పోతే చివరికి నేను తేలింది మన స్టోర్ రూము దగ్గర, లెట్రిన్ల పక్క గది దగ్గర.

ముందు కథ చెబుతాను. అమెరికాలోని 13 వలసలు 1776 జూలై 4న ఇంగ్లండు రాజుతో తెగతెంపులు చేసుకున్నాయి. ఆ ప్రకటనలో ఉన్న అసలు ఆలోచన కొత్తదేమీ కాదు. జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్వవేత్త దాదాపు వందేళ్ళ ముందే రాసి పెట్టాడు. మనుషులు పుట్టుకతోనే కొన్ని హక్కులతో పుడతారు, వాటిని కాపాడుకోవడానికే ప్రభుత్వాన్ని పెట్టుకుంటారు, ఆ ప్రభుత్వం ప్రజల సమ్మతి మీదే నిలబడాలి, కాపాడనప్పుడు దాన్ని తీసేసే హక్కు వాళ్ళకే ఉంటుంది. రాజుకు అధికారం దేవుడిచ్చాడని నమ్మిన లోకంలో ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. పైనుంచి కిందకు దిగేదనుకున్న అధికారాన్ని కిందనుంచి పైకి పోయేదిగా తిరగేశాడు. ఆ ప్రకటనను ముఖ్యంగా రాసిన థామస్ జెఫర్సన్‌కు అప్పుడు 33 ఏళ్ళు. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన ఆ చెయ్యే తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను సొంత ఆస్తిగా ఉంచుకుంది. ఈ రెండూ ఒకే మనిషి గురించిన నిజాలు. పరీక్షలో మొదటిది మాత్రమే వస్తుంది.

యుద్ధం గెలిచారు గాని ఇల్లు నిలబడలేదు. 1781లో అమల్లోకి వచ్చిన మొదటి ఒప్పందం ప్రకారం 13 రాష్ట్రాలకు కలిపి ఒక కాంగ్రెస్ ఉంది, దానికి పన్ను వేసే అధికారం లేదు. వినాయక చవితి చందా లాగా రాష్ట్రాలను అడగాలి, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు. ఒప్పందంలో అక్షరం మార్చాలన్నా 13 మందీ ఒప్పుకోవాలి. యుద్ధం చేసిన సైనికులకు జీతాల బాకీ ఉండిపోయింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో అప్పులు, పన్నులు కట్టలేని రైతుల భూములు జప్తు అవుతుంటే 1786లో వాళ్ళు తిరగబడి కోర్టులు నడవకుండా అడ్డుకున్నారు. వాళ్ళ నాయకుల్లో ఒకడు డేనియల్ షేస్, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుడే. 1787 జనవరిలో ఆయుధాగారం మీదికి పోతే ఫిరంగులతో చెదరగొట్టారు. "కేంద్రం బలహీనంగా ఉన్నందువల్ల కొత్త రాజ్యాంగం అవసరమైంది" అని మనం పరీక్షల్లో రాస్తాం. అది నిజమే. అప్పులిచ్చిన వాళ్ళకు అప్పు తీసుకున్న వాళ్ళను చూసి భయం పుట్టిందన్నది కూడా నిజమే.

1787 మే 25న ఫిలడెల్ఫియాలో సభ మొదలైంది. పదకొండేళ్ళ కింద స్వాతంత్ర్య ప్రకటన చేసిన భవనంలోనే. వచ్చినవాళ్ళు మొత్తం 55 మంది. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్. రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం అసలు ప్రతినిధులనే పంపలేదు. లోపలి మాట బయటకు పోకూడదని ఆ వేసవి ఎండల్లో కిటికీలు మూసుకుని కూర్చున్నారు. జేమ్స్ మాడిసన్ అనే 36 ఏళ్ళ మనిషి రోజూ ముందు వరసలో కూర్చుని ఎవరేం మాట్లాడారో రాసుకున్నాడు. ఆ నోట్సు ఆయన పోయాక 1840లో అచ్చయింది. లేకపోతే లోపల ఏం జరిగిందో మనకింత తెలిసేది కాదు. సభ పిలిచింది పాత ఒప్పందాన్ని సవరించడానికి మాత్రమే. వాళ్ళు దాన్ని పక్కనపెట్టి కొత్త రాజ్యాంగమే రాశారు. మెస్ చార్జీలు పెంచమని అడగడానికి పోయి కొత్త హాస్టల్ కట్టించుకుని వచ్చినట్టన్నమాట! పెద్ద రాష్ట్రాలకు, చిన్న రాష్ట్రాలకు తగాదా వస్తే ఒక సభలో జనాభాను బట్టి సీట్లు, రెండో సభలో రాష్ట్రానికి రెండు సీట్లు అని జూలై 16న ఒక్క ఓటు తేడాతో రాజీ పడ్డారు. పరీక్షకు ఇది చాలా ముఖ్యం. నా కథకు అంత కాదు.

నా కథకు ముఖ్యమైనది అధికారాల విభజన. ఈ మాటను ఎం.ఏ.లో మాంటెస్క్యూ పేరుతో చదివాను. చట్టం చేసేవాడు, అమలు చేసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకడే అయితే స్వేచ్ఛ ఉండదని ఆ ఫ్రెంచి పెద్దాయన 1748లో రాశాడు. కానీ నాకు అది అర్థమైంది తొమ్మిదో తరగతిలోనే, మన హాస్టల్లో.

అప్పుడు హాస్టల్లో 64 మందిమి. పప్పు పల్చగా ఉంటోందని పదో తరగతి అన్నలు వార్డెన్ గారి దగ్గరకు పోయారు. ఆయన కోప్పడకుండా, "నా మీద నమ్మకం లేకపోతే మీరే ఒక కమిటీ వేసుకోండి. సరుకు తీసేటప్పుడు దగ్గరుండి తూకం చూసుకోండి, స్టాక్ రిజిస్టర్లో సంతకం పెట్టండి" అన్నారు. అయిదుగురిని ఎన్నుకున్నాం. నా చేతిరాత బాగుంటుందని నన్ను కూడా వేశారు. మొదటి నెల పప్పు చిక్కబడింది. మేం హీరోలం! వార్డెన్ గారు గుడ్ల లెక్క కూడా మాకే అప్పజెప్పారు. వారానికి రెండు రోజులు గుడ్డు. లెక్కపెట్టేది మేమే, ఉడికాక వలిచేది మేమే, వడ్డించేది మేమే. రెండో నెలకల్లా కమిటీ వాళ్ళం తలా రెండు గుడ్లు తినడం మొదలుపెట్టాం. కష్టపడుతున్నాం కదా అనుకున్నాం. వరసలో చివరి అయిదుగురికి "ఈ రోజు గుడ్లు పగిలాయి" అని చెప్పేవాళ్ళం. వరసలో చివర ఎప్పుడూ ఉండేది ఎవరు? ఆరో తరగతి పిల్లలు. పెద్దవాళ్ళు ముందుకు తోసుకుంటారు కాబట్టి.

మమ్మల్ని పట్టుకున్నది వార్డెన్ గారు కాదు, కామాటి తాత. గిన్నెలు తోముతూ తోముతూ తలెత్తకుండానే అన్నాడు: "మొన్నటిదాకా గుడ్డు చిన్నదని గోల చేశారు. ఇప్పుడు ఆ పిల్లోళ్ళకి గుడ్డే లేదు."

ఆ రాత్రి స్టడీ అవర్లో పెద్ద పంచాయితీ అయింది. కమిటీని రద్దు చేయమన్నారు కొందరు. పదో తరగతి అన్న ఒకాయన వద్దన్నాడు. ఇంకో అయిదుగురిని వేసినా వాళ్ళూ ఇదే చేస్తారన్నాడు. అని, రెండు నియమాలు పెట్టాడు. గుడ్లు లెక్కపెట్టేవాడు వడ్డించకూడదు. కమిటీ వాళ్ళు అందరికన్నా ఆఖరున తినాలి. అంతే. గుడ్డు తగ్గితే తగ్గేది మాదే. ఆ రోజు నుంచి నేను పదో తరగతి పాసై వెళ్ళేదాకా ఒక్క గుడ్డు కూడా "పగలలేదు".

చాలా ఏళ్ళ తర్వాత ఫెడరలిస్టు వ్యాసాలు చదివాను. కొత్త రాజ్యాంగాన్ని రాష్ట్రాలు ఆమోదించాలని హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు ఒకే మారుపేరుతో 1787-88లో రాసిన 85 వ్యాసాలు అవి. వాటిలో 51వ వ్యాసంలో మాడిసన్ వాదన నన్ను కుర్చీలోంచి లేపింది. పాలించేవాళ్ళు దేవతలు కారు, కాబట్టి వాళ్ళ మంచితనాన్ని నమ్ముకుని ప్రభుత్వాన్ని కట్టకూడదు, ఒక శాఖలో ఉన్నవాడి స్వార్థానికి ఇంకో శాఖలో ఉన్నవాడి స్వార్థమే కాపలా కాయాలి అన్నది దాని సారం. అందుకే అక్కడ కాంగ్రెస్ చేసిన బిల్లును అధ్యక్షుడు తిప్పి పంపగలడు. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది మళ్ళీ ఒప్పుకుంటే ఆయన కాదన్నా అది చట్టమవుతుంది. న్యాయమూర్తులను అధ్యక్షుడు నియమించాలి, సెనేట్ ఒప్పుకోవాలి. నియమించాక తమకు నచ్చని తీర్పు చెప్పాడని వాళ్ళను తీసేయడానికి లేదు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని చెప్పే అధికారం తనకుందని సుప్రీంకోర్టు 1803లో మార్బరీ కేసులో తేల్చింది. ఇవన్నీ లెక్కపెట్టేవాడు, వడ్డించేవాడు, ఆఖరున తినేవాడు అన్న మాటకు రకరకాల రూపాలే. మా పదో తరగతి అన్న మాడిసన్‌ను చదవలేదు. ఆకలి తెలిసినవాడు, అంతే.

ఇక్కడితో ఆపితే అందరికీ బాగుండేది. కానీ రెండో సంగతి రాయకపోతే ఈ వ్యాసం రాయడం దండగ.

మన పాత భవనంలో లెట్రిన్ల పక్కన ఒక చిన్న గది ఉండేది, గుర్తుందా? నలుగురు పడతారు. వానాకాలం ఆ గదిలో ముక్కు మూసుకోకుండా పడుకోలేం. నెలకు ఒకళ్ళ చొప్పున వంతులవారీగా పడుకునేవాళ్ళం. నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడాది ఎవరో, "వంతులెందుకు, ఓటింగ్ పెడదాం" అన్నారు. మాలో ఒకే కులానికి చెందిన ముగ్గురు పిల్లలున్నారు. ఆ కులం పేరు రాయను. ఊళ్ళో మమ్మల్ని తక్కువ అనేవాళ్ళకు మేమెలాగో, మాకు వాళ్ళు అలాగ. ఆ ముగ్గురూ ఆ గదిలో ఉండాలని తీర్మానం. చేతులెత్తమన్నారు. 61 చేతులు లేచాయి. అందులో నాదొకటి.

ఆ ముగ్గురిలో పెద్దవాడు నా క్లాసే. ఏమీ అనలేదు. దుప్పటి, ట్రంకు పెట్టె తీసుకుని ఆ గదిలోకి పోయాడు. వారం తర్వాత వార్డెన్ గారు చూసి, వీళ్ళెందుకిక్కడ ఉన్నారని అడిగారు. "ఓటింగ్ పెట్టాం సార్" అన్నాం. "ప్రజాస్వామ్యంగా చేశారు, మంచిదే" అని వెళ్ళిపోయారు. వాళ్ళు ఏడాదంతా అక్కడే ఉన్నారు.

మాడిసన్ 10వ వ్యాసం అచ్చంగా ఇదే భయం గురించి. రాజు ఒక్కడే కాదు, ఎక్కువమంది కలిసి కూడా నిరంకుశులు కాగలరు. ఓట్లతో గెలిచినంత మాత్రాన అన్యాయం న్యాయం కాదు. దీనికి ఆయన చూపిన మందు ఏమిటంటే దేశం పెద్దదిగా ఉండాలి, అందులో లెక్కలేనన్ని వర్గాలు ఉండాలి. అప్పుడు ఏ ఒక్క వర్గమూ ఎప్పటికీ మెజారిటీగా ఉండదు. ఈ రోజు గెలిచినవాడు రేపు ఓడతాడు, అందుకే జాగ్రత్తగా ఉంటాడు. చాలా తెలివైన మాట. కానీ నాకు ఇక్కడ ఒక అనుమానం ఎప్పుడూ ఉండేది. మా హాస్టల్లో ఆ ముగ్గురూ ఏ రోజు 33 మంది అవుతారు? ఎన్నిసార్లు ఓటింగ్ పెట్టినా 61కి 3 మారదు కదా!

ఈ అనుమానానికి జవాబు నాకు డాక్టర్ అంబేద్కర్ దగ్గర దొరికింది. ఆయన 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారన్న సంగతి మనందరికీ తెలుసు. 1945లోనూ, 1947లో "రాష్ట్రాలు - మైనారిటీలు" అనే వినతిపత్రంలోనూ ఆయన చేసిన వాదన ఏమిటంటే, రాజకీయ మెజారిటీ వేరు, పుట్టుకతో వచ్చే మెజారిటీ వేరు. మొదటిది అభిప్రాయాలను బట్టి ఏర్పడుతుంది, మారుతుంది. రెండోది కులం, మతం వల్ల పుట్టుకతోనే తయారై ఉంటుంది, మారదు. మారని మెజారిటీ ముందు చేతులు లెక్కపెట్టి లాభం లేదు. ఆ వినతిపత్రంలో ఆయన దేశానికి భారత సంయుక్త రాష్ట్రాలు అనే పేరు ప్రతిపాదించారు. అమెరికా నుంచి పేరు తీసుకున్నారు, మాడిసన్ మందు మనకు సరిపోదని నాకు అర్థమైంది కూడా అక్కడే.

ఓటుకు పెట్టకూడని విషయాలు కొన్ని ఉండాలి. అమెరికాలో దాన్నే హక్కుల బిల్లు అన్నారు. తమాషా ఏమిటంటే 1787 నాటి అసలు రాజ్యాంగంలో అది లేదు. హక్కుల ప్రకటన లేదని జార్జి మేసన్ సంతకమే పెట్టలేదు. సభ ముగిసిన సెప్టెంబర్ 17న సంతకాలు పెట్టింది 39 మందే. హక్కులు కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఆగేది ఏముందని మాడిసన్ కూడా మొదట్లో తేలిగ్గా తీసుకున్నాడు. అయితే రాష్ట్రాల్లో వ్యతిరేకత మామూలుగా లేదు. వర్జీనియాలో 89కి 79, న్యూయార్క్‌లో 30కి 27 ఓట్లతో బొటాబొటీగా గట్టెక్కింది. పారిస్‌లో ఉన్న జెఫర్సన్ కూడా హక్కులు రాయాల్సిందేనని ఉత్తరాలు రాశాడు. చివరికి మాడిసనే 1789 జూన్‌లో సవరణలు ప్రతిపాదించాడు. కాంగ్రెస్ పన్నెండు పంపితే పది 1791 డిసెంబర్ 15కి ఆమోదం పొందాయి. మాట్లాడే స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, పత్రికలు, జూరీ విచారణ అన్నీ అందులోవే. తప్పయిపోయిందని తెలిశాక తన మాట మార్చుకోవడానికి సిగ్గుపడకపోవడం నాకు మాడిసన్‌లో అన్నిటికంటే నచ్చిన గుణం.

ఆ అమ్మాయి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. బానిసల సంగతి ఏమిటి?

అమెరికా రాజ్యాంగంలో "ఐదింట మూడు వంతులు" అనే లెక్క ఉంది. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చేటప్పుడు బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులు జనాభాలో కలపాలి. చాలామంది, నేను కూడా, దీన్ని తప్పుగా చెబుతుంటాం. నల్లవాళ్ళను ముప్పాతిక కంటే తక్కువ మనిషిగా చూశారు, పూర్తిగా లెక్కపెట్టి ఉంటే న్యాయం జరిగేది అని. నిజం తలకిందులు. పూర్తిగా లెక్కపెట్టమన్నది బానిసల యజమానులు! అసలు లెక్కలోకే తీసుకోవద్దన్నది బానిసత్వం నచ్చని ఉత్తరాది వాళ్ళలో కొందరు. ఎందుకంటే ఓటు బానిసకు ఉండదు. తల అతనిది, సీటు యజమానిది.

నాకిది వెంటనే అర్థమైంది. నేను ఇక్కడికి రాకముందు ఏడో తరగతి వేరే హాస్టల్లో చదివాను. ఏ ఊరో చెప్పను. అక్కడ రిజిస్టర్లో 80 పేర్లుండేవి, రాత్రి వరసలో 50 పళ్ళాలు కూడా ఉండేవి కావు. బడి మానేసిన పిల్లల పేర్లు, పెళ్ళయి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు అలాగే ఉండేవి. బియ్యం వాళ్ళ పేరు మీద వచ్చేది. రిజిస్టర్లో తల ఉంటుంది, మెస్‌లో పళ్ళెం ఉండదు. ఫిలడెల్ఫియాలో పెద్దమనుషులు చేసిన లెక్క కూడా అలాంటిదే.

దాని ఫలితం చిన్నదేమీ కాదు. దక్షిణాది రాష్ట్రాలకు కాంగ్రెస్‌లోనూ, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లలోనూ అదనపు బలం వచ్చింది. మొదటి 36 ఏళ్ళలో 32 ఏళ్ళు అధ్యక్షులుగా ఉన్నది వర్జీనియాకు చెందిన నలుగురు, నలుగురూ బానిసల యజమానులే. ఆఫ్రికా నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడాన్ని 1808 దాకా కాంగ్రెస్ నిషేధించకూడదని ఇంకో నిబంధన. పారిపోయిన బానిసను తిరిగి అప్పగించాలని మరొకటి. ఇంత రాసినా "బానిస" అనే మాట మాత్రం ఎక్కడా లేదు. తప్పు చేస్తున్నామని తెలిసినవాళ్ళే అలా మాట దాస్తారు. మేం కూడా తీర్మానంలో "ఆ కులం వాళ్ళు" అని రాయలేదు, "ఈ క్రింది ముగ్గురు" అని రాశాం. రాసింది నేనే, చేతిరాత బాగుంటుంది కదా!

మరి ఈ రాజ్యాంగాన్ని ఏం చేయాలి? బానిసత్వాన్ని వ్యతిరేకించిన వాళ్ళలోనే దీని మీద పెద్ద తగాదా వచ్చింది. విలియం లాయిడ్ గారిసన్ అనే పత్రికా సంపాదకుడు 1854 జూలై 4న బహిరంగ సభలో రాజ్యాంగం ప్రతిని తగలబెట్టాడు. ఆయన శిష్యుడిగా మొదలైన ఫ్రెడరిక్ డగ్లస్ మాత్రం అప్పటికే వేరే దారి పట్టాడు. డగ్లస్ బానిసగా పుట్టి, దొంగచాటుగా చదువు నేర్చుకుని, 1838లో పారిపోయి వచ్చినవాడు. ఆయన వాదన నాకు చాలా ఇష్టం. మీరు సిగ్గుపడి ఆ మాట రాయలేదు కదా, రాయని మాటకు చట్టంలో బలం లేదు, రాసిన "ప్రజలు" అనే మాటకు ఉంది, మేమూ ప్రజలమే, కాబట్టి ఇది మాది కూడా అన్నాడు. వాళ్ళు దాచిన మాటనే వాళ్ళ మీదికి తిప్పాడు. 1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవాళ్ళు పౌరులే కారని చెప్పింది. తర్వాత అంతర్యుద్ధం. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, 1868లో 14వది పౌరసత్వం, చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చింది, 1870లో 15వది జాతి కారణంగా ఓటు కాదనకూడదంది. ఆడవాళ్ళకు ఓటు 1920 దాకా ఆగింది. కాగితం మీది మాట దక్షిణాది పల్లెల్లోకి దిగడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

థర్‌గుడ్ మార్షల్ పేరు మీరు విన్నారో లేదో. ఒక బానిసకు మునిమనవడు. చిన్నప్పుడు బడిలో అల్లరి చేస్తే శిక్షగా రాజ్యాంగం చదివి కంఠస్థం చేయమనేవారట. బడి వదిలేనాటికి దాదాపు అంతా నోటికొచ్చేసిందని ఆయనే చెప్పుకునేవాడు. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరు వేరు బడులు ఉండకూడదన్న 1954 నాటి కేసును సుప్రీంకోర్టులో వాదించి గెలిచింది ఆయనే. 1967లో ఆ కోర్టుకే మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యాడు. 1987లో దేశమంతా రాజ్యాంగం రెండువందల ఏళ్ళ పండగ చేసుకుంటుంటే ఆయన మాత్రం, అది మొదటినుంచీ లోపాలతో పుట్టిందని, దాన్ని బాగుచేసింది తర్వాతి తరాల పోరాటాలేనని సభలో చెప్పాడు. శిక్షగా చదివించిన పుస్తకం అతని చేతిలో ఏమైందో చూడండి.

మన ఇంటర్, డిగ్రీ తమ్ముళ్ళకు ఇంకొక్క సంగతి. 1789లో కాంగ్రెస్ పంపిన పన్నెండు సవరణల్లో ఒకటి, సభ్యులు తమ జీతాలు పెంచుకుంటే ఆ పెంపు మధ్యలో ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలన్నది, ఆమోదం లేక మూలనపడింది. 1982లో టెక్సాస్‌లో ఒక విద్యార్థి దాన్ని ఇప్పటికీ ఆమోదించవచ్చని కాలేజీలో వ్యాసం రాస్తే "సి" గ్రేడ్ ఇచ్చారు. అతనికి పంతం వచ్చి రాష్ట్రాలన్నిటికీ ఉత్తరాలు రాశాడు. 1992లో అది 27వ సవరణగా రాజ్యాంగంలో చేరింది. 2017లో యూనివర్సిటీ అతని గ్రేడ్‌ను "ఎ"గా మార్చింది. మార్కులు వేసే మాలాంటివాళ్ళు ఇది గోడకు అంటించుకోవాలి.

అమెరికా దగ్గర లేనిది మన దగ్గర ఒకటుంది. వాళ్ళ హక్కుల బిల్లు ముఖ్యంగా ప్రభుత్వం చెయ్యి పట్టుకుంటుంది. పక్కింటివాడి చెయ్యి పట్టుకోదు. మన 17వ అధికరణం అంటరానితనాన్ని ఎవరు పాటించినా నేరమంది. 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, హోటళ్ళు, దుకాణాల పేర్లు రాశారు. దేశ రాజ్యాంగంలో బావి పేరు ఎందుకు రాయాల్సి వచ్చిందో మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రభుత్వం ఒక్కటే అన్యాయం చేస్తుందని అంబేద్కర్ అనుకోలేదు. 61 చేతులు కూడా చేస్తాయని ఆయనకు తెలుసు.

ఇదంతా ఆ అమ్మాయికి రెండు పీరియడ్లు తీసుకుని చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఆ 55 మంది గొప్పవాళ్ళా, కాదా సార్?" అంది. గొప్పవాళ్ళే అన్నాను. బాగు చేసుకునే వీలున్న ఇల్లు కట్టినందుకు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. బాగు చేసినవాళ్ళ పేర్లు కదా సార్ ముందు నేర్పాలి అంది. ఈ ఏడాది నుంచి డగ్లస్‌తో మొదలుపెట్టి వెనక్కు చెబుతున్నాను. సిలబస్ కొంచెం వెనకబడింది.

ఈ వ్యాసం రాసేముందు ఆ గదిలో ఏడాది పడుకున్న నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. సంచిక కమిటీ తమ్ముళ్ళే నంబరు ఇచ్చారు. ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి మాట్లాడటం. కరెంటు ఆఫీసులో పని చేస్తున్నాడు, కూతురు బి.టెక్. చదువుతోంది. చెయ్యెత్తినందుకు క్షమించమని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాసుకో, కాని లెక్క సరిగ్గా రాయి. 61 కాదు, 60" అన్నాడు.

"అందరూ ఎత్తారు కదరా."

"ఒకడు ఎత్తలేదు. ఆరో తరగతి పిల్లోడు. ఆ రాత్రే దుప్పటి తెచ్చుకుని మా గదిలోకొచ్చి పడుకున్నాడు. ఏడాదంతా మాతోనే ఉన్నాడు. నలుగురు పడతారు కదా ఆ గదిలో."

ఆ పిల్లవాడి పేరు చెప్పాడు. ఎంత ఆలోచించినా నాకు మొహం గుర్తు రావడం లేదు. వార్షికోత్సవానికి ఇద్దరూ కలిసే వస్తున్నారట.